నిచ్చెనగాడి ఎత్తు బండి

తమ్ముడు ఆ ఇంట్లో చేసిన చివరి పని వంటింటి కుళాయికి వాషరు మార్చడం. పొద్దున్నే వచ్చాడు. అక్క గిన్నెలు కడుగుతుంటే మోచేత్తో ఆమెను పక్కకు నెట్టి, "జరుగక్కా, దీని ఏడుపు వినలేక చస్తున్నా" అంటూ కుళాయి విప్పాడు. కొత్త వాషరు బిగించి, తిప్పి చూసి, తడి చేతులు ఆమె వీపుకే తుడుచుకున్నాడు. "తువ్వాలు కనబడట్లేదా నీకు?" అని ఆమె అరిచేలోపే బయటికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి బండి స్టార్టయింది. ఆ చప్పుడు వింటే ఆమె చేతిలో పని ఆపి, అది వీధి దాటేదాకా గుమ్మంలో నిలబడేది. ఆ రోజూ అలాగే నిలబడింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

వీధిలో అతన్ని నిచ్చెనగాడు అనేవారు. మనిషి పొడుగేం కాదు. పొడుగంతా అతని బండిదే. అందులోకి ఎక్కాలంటే చక్రం మీద ఒక కాలు పెట్టి, పిడి పట్టుకుని, ఊపిరి బిగించి లేవాలి. ఎదురింటి టైలరు ఒకసారి, "ఏం బాబూ, దీనితోపాటు నిచ్చెన కూడా ఇచ్చారా, విడిగా కొనుక్కోవాలా?" అంది. ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి అతనికి పేరైపోయింది. అతను ఏమీ అనుకోలేదు. "నిచ్చెనగాణ్ణి వచ్చా, తలుపు తియ్యండి" అని తనే కేకేసేవాడు.

కొండ మీద ఉన్న ఫోను టవర్లకు డీజిలు డ్రమ్ములూ, రిపేరు మనుషుల్నీ చేరవెయ్యడం అతని పని. ఊరు దాటాక రోడ్డనేది ఉండదు. ముందు వాగు, తర్వాత బురద, ఆ తర్వాత కొండను పక్కగా చెక్కిన రాతి దారి. ఆ దారిలో ఒకచోట నేల లోయ వైపుకు వాలి, నున్నగా ఉంటుంది. డ్రైవర్లు దాన్ని జారుడుబండ అంటారు. అక్క దాన్ని ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా కళ్ళు మూసుకుంటే కనబడేది.

ఆ ఎత్తు అతను సరదాకి పెట్టించుకున్నది కాదు. అంతకుముందు బండి అందరి బండ్లలాగే ఉండేది. ఒక వానాకాలం వాగు మధ్యలో దాని పొట్ట రాయి మీద ఆనుకుంది. చక్రాలు తిరుగుతున్నా బండి కదల్లేదు. నీళ్ళు తలుపులోంచి వచ్చి సీటు మీదికి ఎక్కాయి. ఎవరో ట్రాక్టరు తెచ్చేదాకా అతను బండి పైకప్పు మీద గొంతుక్కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక వేడినీళ్ళ గ్లాసు ఇస్తే చల్లారేదాకా పట్టుకునే ఉన్నాడు. "చీకట్లో కాదక్కా, పట్టపగలే. వాగు అలా పెరుగుతూ ఉంటే చూస్తూ కూర్చున్నా" అన్నాడు. తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. బండిని మాత్రం ఎత్తించాడు.

అక్క మొగుడు, అంటే అతని బావ, చక్రాల మీద బండిని మోసే ఇనుప పట్టీల కట్టలు, అదే కమాన్ కట్టలు, బాగుచేసే మెకానిక్కు. ఇంటి ముందే షెడ్డు. మొదట బావే రెండు పట్టీలు అదనంగా వేసి బండిని కాస్త లేపాడు. "ఇది చాలు" అన్నాడు. నిచ్చెనగాడికి చాలలేదు. హైవే మీద ఇంకో షెడ్డుకు పోయి, కట్టల కింద ఇనుప దిమ్మలు పెట్టించుకుని, తన ఛాతీదాకా వచ్చే టైర్లు ఎక్కించుకుని వచ్చాడు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచెయ్యి తలుపుకు ఆనించి తోశాడు. బండి ఊగింది.

"ఇది బండా, మంచెనా? పైకెక్కి పిట్టల్ని తోలతావా?"

"నీ కుళ్ళు నీదే బావా. కిందనుంచి చూసేవాడికి మెడనొప్పి రాక తప్పదు."

"నా మెడ సంగతి సరే, నీ మెడ సంగతి చూసుకో. పక్కవాలులో ఇది నిలబడదురా."

"రాయిలా నిలబడుతుంది. ఇంజను కిందే ఉంది, గేరుబాక్సు కిందే ఉంది. పైన ఉన్నది గాలే."

"వెనకాల డీజిలు డ్రమ్ములున్నాయే, అవి కూడా గాలేనా?"

బావ లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం, పొడుగాటి స్టీలు గ్లాసు తెచ్చాడు. గ్లాసును పళ్ళెంలో నిలబెట్టి మెల్లగా వంచాడు. గ్లాసు ఠపీమని పడింది. నిచ్చెనగాడు నవ్వి, గ్లాసు అడుగున గుప్పెడు నట్లు పోసి మళ్ళీ నిలబెట్టాడు. ఈసారి పళ్ళెం చాలా వాలేదాకా అది నిలబడింది. బావ నట్లు తీసేసి, గ్లాసు మూతి మీద పెద్ద బేరింగు పెట్టాడు. పళ్ళెం కదిలీ కదలకముందే గ్లాసు దొర్లింది. బేరింగు వచ్చి నిచ్చెనగాడి కాలి వేళ్ళ మీద పడింది.

"చూశావా? నీ కాలికి కూడా అర్థమైంది" అన్నాడు బావ.

"నా గ్లాసుకు గ్రీజు పూసి ఇద్దరూ ఏం సాధించారు?" అని అక్క లాక్కుపోయింది. తోముతున్నంతసేపూ గ్లాసు పడిన చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

అప్పటినుంచి ఆ వాదన ఆ షెడ్డులో కాపురం పెట్టింది. వచ్చేపోయే లారీ డ్రైవర్లు కూడా చెరొక పక్షం చేరారు. ఎత్తు ఉంటే వాగు గెలుస్తాం అనేవాళ్ళు, ఎత్తు ఉంటే మలుపు మింగుతుంది అనేవాళ్ళు. బావ చివరికి తేల్చేశాడు. "ఆ దిమ్మలు తీసేదాకా నీ బండికి నా స్పానరు తగలదు." అన్నమాట ప్రకారమే తగలనివ్వలేదు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవారు, ఒకరినొకరు ఆడిపోసుకునేవారు, బండి మాత్రం గేటు బయటే ఆగేది.

అక్కకు ఎవరి మాట నిజమో తెలియలేదు. ఆమెకు ఇద్దరి మాటా నిజంగానే వినబడేది. అదే ఆమె ప్రాణం తోడేసింది. బండి ఎత్తు దించితే వాగు, దించకపోతే జారుడుబండ. రెండింటి మధ్య తమ్ముణ్ణి ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తోచలేదు.

ఒకసారి గ్యాసు బండ తేవడానికి అతనితో వెళ్ళింది. వంతెన దిగే మలుపులో బండి ఒక పక్కకు ఒరిగింది. అద్దంలోంచి రోడ్డు కాకుండా పక్కనున్న సైకిలు వాడి నడినెత్తి కనబడింది. ఆమె రెండు చేతులా పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏంటక్కా, దేవుణ్ణి తలుచుకుంటున్నావా?"

"నోరు మూసుకుని రోడ్డు చూడు."

"ఇంత మలుపుకే ఇలాగైతే నిన్ను కొండెక్కించలేం."

"నేను ఎక్కను. నువ్వూ ఎక్కకు."

అతను నవ్వాడు. నవ్వాడే గానీ వేగం తగ్గించాడు. ఇంటికి చేరినా ఆమె పిడి వదల్లేదు. ఎత్తుకుని దించాడు, చిన్నపిల్లను దించినట్టు. ఆ రాత్రి అన్నం పెడుతూ ఆమె అడిగింది.

"ఒక్కటే మాట. దాన్ని దించేయ్."

"వానలు తగ్గనీ అక్కా. వాగు తగ్గాక నేనే తెచ్చి బావ ముందు పెడతా. సగం దించమను."

"సగమేంటి?"

"నీకు సగం, వాగుకు సగం."

"ఇది కూరగాయల బేరమా?"

"కాదు, కాబట్టే సగానికి ఒప్పుకున్నా. కూరగాయలైతే పావుకే ఆగేవాణ్ణి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత తనమీద తనకే కోపమొచ్చింది. మర్నాడు బావతో చెబితే, అతను పైకి ముఖం చిట్లించి, "సగం అంటే సగం ప్రమాదం ఉంచుకోవడమే" అన్నాడు. అన్నవాడే సాయంత్రం మూలన పడేసిన కమాన్ పట్టీలు తీసి, తుప్పు గీకి, నూనె రాసి పక్కన పెట్టాడు. అది చూశాక ఆమెకు కాస్త ఊపిరాడింది. ఇక వానలు తగ్గడమే మిగిలింది. రోజూ బట్టలు ఆరేసే వంకతో మేడెక్కి కొండ వైపు చూసేది. అక్కడ మబ్బు కనిపిస్తే తడి బట్టలు మళ్ళీ బకెట్లో వేసుకుని దిగేది.

కుళాయి బాగుచేసిన రోజు పొద్దున ఎండ కాసింది. మధ్యాహ్నానికి కొండ కనబడకుండా పోయింది. అంతకు ముందురోజు పిడుగు పడి టవరు ఆగిపోయింది. ఆ వీధికంతటికీ సిగ్నలు వచ్చేది అక్కడినుంచే. దాన్ని లేపడానికే ఇద్దరు రిపేరు మనుషుల్ని ఎక్కించుకుని అతను వెళ్ళాడు. అంటే ఫోను చేద్దామన్నా దారి లేదు. అతను పైకి చేరితేనే ఆమె ఫోనులో గీతలు వస్తాయి.

ఆమె ఫోను పట్టుకుని వంటింట్లో కూర్చుంది. అన్నం పొంగి పొయ్యి ఆరిపోయినా లేవలేదు. బావ రెండుసార్లు లోపలికి వచ్చి, "వచ్చాయా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మూడోసారి వచ్చినప్పుడు గూట్లోంచి జీపు తాళాలు తీసుకున్నాడు.

"వాగు పెరిగి అవతల ఆగుంటాడులే" అన్నాడు.

"మరి తాళాలెందుకు తీశారు?"

అతను గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత ఆమె నిలబడలేదు, కూర్చోలేదు. వీధిలో ఏ ఇంజను చప్పుడైనా గేటుదాకా పరుగెత్తేది. అది ఆ చప్పుడు కాదని తెలుస్తూనే ఉన్నా చూసేది. జీవితంలో మొదటిసారి, తను భయపడే ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించింది. టైలరు వచ్చి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది. దాంతో ఆమెకు ఇంకా భయం వేసింది. ఏమీ కాకపోతే చెయ్యి ఎందుకు పట్టుకుంటారు?

జీపు వచ్చేసరికి చీకటి పడుతోంది. బావ దిగాడు. మోకాళ్ళదాకా బురద. గేటు తీసి లోపలికి రాకుండా, షెడ్డు ముందున్న బల్ల మీద, రోజూ తమ్ముడు కూర్చునే వైపు వదిలి రెండో వైపు కూర్చున్నాడు. ఆమెకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

బండి జారుడుబండ మీదే, అతనితో సహా లోయలోకి దొర్లిందని తర్వాత తెలిసింది. బావ ఆ తర్వాత ఏ బండి ఎత్తూ పెంచలేదు. ఎవరైనా అడిగితే, "నా దగ్గర పట్టీలు లేవు" అనేవాడు. నేను చెప్పలేదా అని మాత్రం ఎవరితోనూ అనలేదు. అలా అంటాడేమోనని ఆమె చాలా రోజులు బిక్కుబిక్కుమంటూ ఉంది.

ఆమెను తినేసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ ఇద్దరు రిపేరు మనుషులకు గీత కూడా పడలేదట. ఎలా? వాళ్ళు దూకి, వీణ్ణి వదిలేశారా? అడగాలంటే భయం, వినాలంటే ఇంకా భయం. వానలు పూర్తిగా వెనకబట్టాక వాళ్ళలో పెద్దాయన షెడ్డుకు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆమె నీళ్ళిచ్చింది. అతను తాగేదాకా ఆగలేకపోయింది.

"మీరు లోపల లేరా?"

"లేమమ్మా. అక్కడ మమ్మల్నెప్పుడూ దింపేసేవాడు."

"ఎప్పుడూనా?"

"బండి ఎత్తించిన దగ్గర్నుంచీ. 'దిగండయ్యా, పొట్టలు పెరుగుతున్నాయి, నాలుగడుగులు వెయ్యండి' అనేవాడు. డ్రమ్ములు కూడా దింపించి మా చేత దొర్లించేవాడు. మేం అవతలకు చేరాక ఒక్కడే నడుపుకుని వచ్చేవాడు."

షెడ్డులో బావ సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"భయపడేవాడా?" అంది ఆమె.

"మాతో అనలేదమ్మా. కానీ తన వైపు తలుపు తెరిచి, మూసుకుపోకుండా అద్దం కాడకు గుడ్డతో కట్టేవాడు. ఏమన్నా అయితే దూకొచ్చని."

"మరి ఆ రోజు?"

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "వాన ఆ తలుపు వైపు నుంచే కొడుతోందమ్మా. టవరు మిషన్లో వేసే సర్క్యూట్ కార్డుల పెట్టె సీటు మీద ఉంది. అది తడుస్తుందని తలుపు వేసుకున్నాడు."