ఒక్కపొద్దు నాటి బిళ్ల

హెప్సిబా వన్ టౌన్ మందుల షాపులో ఫార్మసిస్టు. బిళ్లల షీటు కత్తిరించే ముందు మందు పేరు పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుంటుంది. అయినా తప్పు మందు ఇస్తానేమోనన్న భయం పోదు. ఈ పనిలో ఉండాలో మానాలో తేల్చుకోలేక నాన్నకు జవాబు చెప్పకుండా దాటేస్తోంది.

ఆ శనివారం మధ్యాహ్నం, చేపలమ్మే సన్యాసమ్మ వచ్చి కౌంటరు ముందు కూలబడింది. "నువ్విచ్చిన షుగరు బిళ్లేనమ్మా, కళ్లు తిరుగుతున్నాయి." హెప్సిబా ఆమె చేతిలోని షీటు లాక్కుని చూసింది. మందు సరైనదే. "అన్నం తిన్నారా?" "ఇయ్యాల ఒక్కపొద్దు కదమ్మా! బిళ్ల మటుకు మానలేదు." మందిచ్చేటప్పుడు ఒక్కపొద్దులున్నాయా అని అడగాలని ఆదివారాలు చర్చికి వెళ్లే హెప్సిబాకు ఎన్నడూ తోచలేదు. షుగరు పడిపోయిందని గ్రహించి గ్లూకోజు కలిపి తాగించింది. ఆమె తేరుకుంటుండగా నాన్న ఫోను. "భయమేస్తోంది నాన్నా." "అయితే మానేస్తావా తల్లీ?" ఎవరో మందుల చీటీ చాపారు. "ఉండు నాన్నా" అని, దాన్ని అందుకుంది. "ఏవండీ, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?"