ఇంచీ పానా

టెక్కలి మెకానిక్కు మా పాత జీపంటే లెక్కలేదు. దాని బోల్టులన్నీ ఇంచీల కొలతవి. పోయినసారి మిల్లీమీటర్ల పానా పెట్టి తిప్పి, ఒక బోల్టు తల గుండ్రంగా అరగదీశాడు. ఈసారీ అదే పానా తీస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"సెయ్యి తియ్!" అని అతన్ని పక్కకు నెట్టాను. ఇంటి నుంచి తెచ్చిన ఇంచీ పానా బోల్టుకు పట్టించి, బలమంతా పెట్టి తిప్పాను. పానా జారింది. బోల్టు అంచులన్నీ పోయాయి, నా వేళ్లు దోక్కుపోయాయి.

అతను తాపీగా బీడీ ఆర్పాడు. "మీ ఊరి ఉప్పుగాలికి పాతది తుప్పట్టిందని, పోయిన వానల్లో పలాసలో ఈ కొత్త బోల్టు కొని నా సేత ఏయించింది నువ్వే కదా మావా. అది మిల్లీమీటర్లదే."

నిజమే. ఆ నిజం చెప్పినందుకు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.