కొలతకు నిలబెట్టిన పిల్లలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నానో లేదో, హాల్లో గోడకు ఆనించి మా మనవడిని నిలబెట్టి, వాడి నెత్తిమీద స్కేలు అడ్డంపెట్టి, మా అబ్బాయి పెన్సిలుతో గీత గీస్తూ కనబడ్డాడు. ఆ గోడకు ఏదో ఇంగ్లీషు పేరున్న రంగు వేయించారు, నేను పొరపాటున చేయి ఆనిస్తే మా కోడలు తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. అలాంటి గోడమీద ఇప్పుడు వారానికొకటి చొప్పున తొమ్మిది గీతలు, ఒకదానిమీద ఒకటి, దాదాపు ఒకేచోట. ఎందుకయ్యా అంటే, వేసవి సెలవుల్లో హైదరాబాదు దగ్గర థీమ్ పార్కుకు పోతున్నారు, అక్కడ తలకిందులుగా తిరిగే ఇనప రైలు ఒకటుందట, అది ఎక్కాలంటే పిల్లవాడు నూటఇరవై సెంటీమీటర్ల ఎత్తుండాలట, మావాడు నూటపదిహేడు దగ్గర ఆగిపోయాడట. ఇంట్లో అందరి మొహాలు చూస్తే ఎవరికో పెద్ద జబ్బు చేసిందనుకున్నాను.

మన వయసువాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈ ప్రయాణపు సంబడం కాస్త వినండి. ఖమ్మం నుంచి పోయేది నాలుగ్గంటల దారి, ఉండేది రెండు రోజులు, దీనికి రెండు నెలల నుంచి మీటింగులు. మూడు కుటుంబాలు కలిసి పోతున్నాయి కాబట్టి ఫోన్లో ఒక గ్రూపు, ఆ గ్రూపుకు ఒక బొమ్మ, ఆ బొమ్మ ఏది పెట్టాలన్నదానికి ఓట్లు. మా అబ్బాయి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు, ఆ విద్యనంతా దీనికి ధారపోసి ఒక పట్టిక తయారుచేశాడు: తొమ్మిదింటికి గేటు, తొమ్మిదీ పదికి బాత్రూము, తొమ్మిదింపావుకు మొదటి రాట్నం. ఆకలైనా దాహమైనా పట్టిక ప్రకారమే కావాలి కాబోలు! ఇక రోజూ అన్నాల దగ్గర టీవీలో ఆ పార్కు వీడియోలే, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లలు కెవ్వుమని అరుస్తుంటే మా పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి చూస్తున్నారు. అంగుళం అంగుళం ఇక్కడే చూసేశాక అక్కడికి పోయి చూసేది ఏముంటుందో నాకైతే అర్థం కాదు. అందరికీ ఒకే రంగు టీషర్టులట, నా సైజు కూడా అడిగారు. అరవై ఆరేళ్ల మనిషిని, నారింజపండు రంగు బనీను వేసుకుని ఎవరికి కనబడాలని? ఆ పట్టికలో నా పేరు ఎక్కడుందా అని వెతికితే చిట్టచివర ఉంది, దాని ఎదురుగా నా పని కూడా రాసిపెట్టాడు: బ్యాగుల దగ్గర కూర్చోవడం.

మేమూ పిల్లల్ని తిప్పాం. మా ఇంటాయన బడి పంతులు, క్రిస్మస్ వెళ్లిన వారంలో ఒక పొద్దున లేచి ఇవ్వాళ పోదామా అనేవాడు, అదే ప్లానింగు. గిన్నెడు పులిహోర కలిపి, ముగ్గురు పిల్లల్ని రెక్కలు పట్టుకుని ఎర్రబస్సు ఎక్కించి, నేలకొండపల్లిలో దిగి బౌద్ధ స్తూపం దాకా నడిచేవాళ్లం. అప్పట్లో అది గడ్డి మొలిచిన పెద్ద దిబ్బలా ఉండేది, పిల్లలు పైకెక్కడం, జారడం, మళ్లీ ఎక్కడం, సాయంత్రానికి నిక్కర్లు చిరిగిపోవడం. అది స్వర్గమని నేను అబద్ధం చెప్పను, నీడ లేక మధ్యాహ్నపు ఎండకు మాడిపోయేవాళ్లం, నీళ్లసీసా అయిపోయి చిన్నది ఒకటే ఏడుపు, తిరుగు బస్సులో నిలబడి నిలబడి నా కాళ్లు పీక్కుపోయేవి. కానీ ఎవరు ఎంత ఎత్తున్నారని ఆ దిబ్బ అడగలేదు.

ఇదంతా చూసి ముసిముసిగా నవ్వుకుని నా గదిలోకి నేను పోయేదాన్నే. కానీ గ్రూపులో మూడిళ్ల పిల్లల ఎత్తులూ రాసి పెట్టారు, ఏడుగురు పిల్లల్లో ఆరుగురి వరసలకు ఆకుపచ్చ రంగు, మావాడి వరసకు ఎరుపు. అప్పటినుంచి ఆ మూడిళ్లలోనూ వాడికి కన్నవాళ్లు పెట్టిన పేరు పోయింది. వాడిప్పుడు వన్ సెవెంటీన్. ఏయ్ వన్ సెవెంటీన్, అన్నానికి రా. ఏంది వన్ సెవెంటీన్, పాలు తాగినవా. తండ్రే మొదలుపెట్టాడు, తర్వాత వాడి అక్క అందుకుంది, ఇప్పుడు ఫోన్లో అవతలివాళ్లు కూడా అంటున్నారు. పిల్లవాడు కూడా నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ ఎరుపు చూసిన రోజు నుంచి నాకు నా మొదటి ఉద్యోగమే గుర్తుకొస్తున్నది, ఎందుకంటే పిల్లల్ని కొలిచి ఎరుపనీ ఆకుపచ్చనీ రాయడంలో నన్ను మించినవాళ్లు ఈ ఇంట్లో లేరు. ముప్పైనాలుగేళ్లు నర్సమ్మగా చేశాను. ట్రైనింగు అయిపోయి, ఇరవైరెండేళ్లకు భద్రాచలం దారిలో అడవిలోపలి సబ్ సెంటరుకు పోస్టింగు వేస్తే మా అమ్మ ఏడ్చింది, నేను మాత్రం తెల్లచీర గంజిపెట్టి ఇస్త్రీ చేసుకుని కలెక్టరులా దిగాను. వాగు ఒడ్డున కోయవాళ్ల గూడేలు, నెలకొకసారి ఇప్పచెట్టు కొమ్మకు స్ప్రింగు కాటా వేలాడదీసేదాన్ని; దాని కొక్కేనికి రెండు కాళ్లు దూర్చే గుడ్డసంచి ఉంటుంది, పిల్లను అందులో కూర్చోబెడితే ముల్లు తిరుగుతుంది, ఆ బరువును కార్డుమీద చుక్కగా పెడితే ఆకుపచ్చలోనో పసుపులోనో ఎరుపులోనో పడుతుంది. నా దగ్గర సాయంగా ఉండే ఆయా ఆ గూడెం మనిషే, నా తెలుగు వాళ్లకు, వాళ్ల కోయ నాకు తనే చెప్పేది. పాపం, నా తిట్లు కూడా తనే చెప్పాల్సొచ్చేది.

అవును, తిట్లే. ఎరుపులో, అంటే మరీ తక్కువ బరువులో, చుక్క పడిందంటే ఆ తల్లిని అందరి ఎదుటా నిలబెట్టి కడిగేసేదాన్ని. పిల్లను కన్నావా, పురుగును కన్నావా అని అడిగేదాన్ని. గుడ్డు పెట్టు, పప్పు పెట్టు, నెయ్యి పెట్టు అని లెక్చరు ఇచ్చేదాన్ని, ఆ ఇళ్లలో పప్పు ఎన్నాళ్లకొకసారి ఉడుకుతుందో ఒక్కనాడు పొయ్యిలోకి తొంగిచూసింది లేదు. నాకు చదువొచ్చు, నా చీర తెల్లగా ఉంది, వాళ్లకేమీ తెలియదు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవైరెండేళ్ల పిల్ల చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఆ గూడెంలో దాదాపు నా వయసుదే ఒక తల్లి ఉండేది, ఆమెకు ఏడాదిన్నర కూతురు. పిల్ల రెండు నెలలు వరసగా ఎరుపులో పడింది. రెండోసారి నేను గొంతు చించుకుని, వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే నిన్నూ నీ పిల్లనూ భద్రాచలం దవాఖానాలో పడేస్తా అన్నాను. మూడో నెల చూస్తే ముల్లు ముందుకు జరిగింది, చుక్క పసుపులో పడింది. నా సంతోషం చూడాలి! అందరిచేతా చప్పట్లు కొట్టించాను, చూశారా తిడితే గానీ పని జరగదు అని ఆయాకు ఉపదేశం చేశాను, పైఆఫీసుకు గొప్పగా రాసి పంపాను. ఆ తల్లి తల ఎత్తలేదు, సిగ్గరి అనుకున్నాను. నాలుగో నెలా పసుపే, ఐదో నెలా పసుపే. పిల్లకు ఒకటే గౌను, పాతచీర ముక్కతో కుట్టింది, అంచు దళసరిగా మడిచి ఉండేది. బట్టలు విప్పి తూచాలని ట్రైనింగులో మాకు వందసార్లు చెప్పారు, అయినా చలికాలం కదా, ఎవరు విప్పుతారు, ఎవరు తొడుగుతారు అని నేను గౌనుతోనే తూచాను.

ఆరో నెల ఆయాకు జ్వరమొచ్చి ఓ పక్కన కూర్చుంది, పిల్లను నేనే ఎత్తి సంచిలో పెట్టాల్సొచ్చింది. ఎత్తగానే నా చేతికి తెలిసింది. ముల్లు చెప్పే బరువు పిల్లలో లేదు, పిల్ల దూదిలా ఉంది, గౌను అంచు మాత్రం నా మణికట్టుకు ఠపీమని తగిలింది. మడత విప్పితే లోపల వరసగా సీసపు గుండ్లు, వాగులో చేపలు పట్టే వలకు కడతారే, అవి, ఒక్కొక్కటీ దారంతో కదలకుండా కుట్టి ఉన్నాయి. ఎంత ఓపికగా కుట్టిందో! నెల నెలా కొన్ని కలుపుతూ పోయింది. నేను కొట్టించిన చప్పట్లన్నీ ఆ గుండ్లకే. ఎందుకు చేశావని ఆయానే అడిగింది, ఆ తల్లి నేల చూస్తూ రెండు ముక్కలు చెప్పింది, ఆయా నావైపు తిరిగి చెప్పడానికి కొంచెం తటపటాయించింది.

"నువ్వు అందరి ముందట తిడతవని గట్ల చేసిందంట, నర్సమ్మా."

కట్టెల లారీని ఆపి ఆ మధ్యాహ్నమే తల్లినీ పిల్లనూ భద్రాచలం తీసుకుపోయాను, పద్దెనిమిది రోజులు దవాఖానాలో ఉంచారు. ఇంకో నెల ఆగితే చేతిలోంచి పోయేదని డాక్టరమ్మ నన్ను తిట్టింది, వరండాలో, పదిమంది ముందు. పిల్ల బతికింది. తర్వాత ఆ తల్లి నా కాటా దగ్గరికి మళ్లీ రాలేదు, వాగు అవతల తన పుట్టిన గూడేనికి పోయిందన్నారు, ఆ పిల్ల నడిచిందో, ఎంత ఎదిగిందో నేను చూడలేదు. ఆనాటి నుంచి తల్లులను తిట్టడం మానేశాను, పిల్లల బట్టలు నేనే విప్పి నేనే తొడిగాను. నోరు పూర్తిగా బాగుపడిందని మాత్రం చెప్పను, ఇంతదూరం చదివిన మీకు అది తెలుస్తూనే ఉంది.

ఇక మా ఇంటి సంగతి. ఈ గురువారం మనవడు బడి నుంచి కుంటుతూ వచ్చాడు. ఏమైందిరా అంటే ఏం లేదు నానమ్మా అంటాడు. కూర్చోబెట్టి బూటు లాగితే మడమ బొబ్బలెక్కి ఉంది, బూటులోపల నోటుపుస్తకం అట్ట, ఐదు మడతలు పెట్టి, టేపు చుట్టి. వారం రోజుల నుంచి దాంతోనే నడుస్తున్నాడట, అక్కడ గేటు దగ్గర అనుమానం రాకుండా ఉండాలని ప్రాక్టీసు చేస్తున్నాడట! నాన్నకు చెప్పకు అని నా చీరకొంగు పట్టుకున్నాడు. ఇంతలో తండ్రి రానే వచ్చాడు, అట్టముక్క చూశాడు, చూసి నవ్వాడు. అరె, మస్తు ఐడియా రా, కానీ అట్ట కాదు, మెత్తవి దొరుకుతయ్ అని అక్కడికక్కడే ఫోన్ తీసి మడమల కింద పెట్టుకునే రబ్బరు ముక్కలు ఆర్డరు పెట్టాడు. రెండు నిమిషాల రైడే కదా అత్తమ్మా, ఏం కాదు అని కోడలు. ఇద్దరూ ఇంజనీరింగు చదివినవాళ్లే.

అప్పుడు నేను ఊరుకోలేదు. "ఒరేయ్, ఆ రైల్లో సీటు మీద బిగించే ఇనప కడ్డీ పిల్లవాని ఛాతీ మీద ఆనాలని పెట్టిండ్రురా ఆ కొలత, రబ్బరు ముక్కలు పెడితే వాని ఛాతీ పెరుగుతదా?" అన్నాను. ఏడేళ్ల పిల్లవాడు తలకిందులుగా ఉన్నప్పుడు ఆ కడ్డీ కిందినుంచి జారితే నీ పట్టికలో ఏ గంటకు రాసుకుంటావు అని కూడా అన్నాను. మాట ఎక్కువే అన్నాను. మా అబ్బాయి మొహం నల్లబడింది. ఆ తర్వాత, ఎందుకో, మా ఇంటాయనకు కూడా ఎన్నడూ చెప్పని ఆ సీసపు గుండ్ల సంగతి వాడికి చెప్పాను, నా తిట్లతో సహా. అది వేరు ఇది వేరు అమ్మా అన్నాడు. కాసేపు ఫోన్ చేతిలో తిప్పుకుంటూ కూర్చుని, ఆర్డరు రద్దు చేసి, లేచి లోపలికి పోయాడు. శుక్రవారం పొద్దున చూస్తే పట్టికలో నా పేరు పక్కన మనవడి పేరు చేరింది, పెద్ద రైలు దగ్గర మేమిద్దరం బ్యాగుల కాపలా. ఎరుపు రంగు తీసేశాడు. వన్ సెవెంటీన్ అనడం కూడా తగ్గించారు, అక్క ఒక్కతి తప్ప.

పిల్లవాడు మాత్రం ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. ఎక్కడానికి ఉన్న ఒక్క దారీ నేనే మూసేశానని వాడి కోపం, ఆ కోపంలో న్యాయముంది, నేను కాదనను. పడుకునే ముందు మడమకు మందు రాస్తుంటే మొహం అటు తిప్పుకునే అడిగాడు, వాళ్ల నాన్నకు చెప్పింది సగం సగం విన్నాడు కాబోలు, నీ గూడెంలో తక్కువున్న పిల్లల్ని ఏం చేసేదానివి నానమ్మా అని. తిట్టేదాన్నిరా అన్నాను. పిల్లల్నా అన్నాడు. కాదు, వాళ్ల అమ్మల్ని అన్నాను. వాడు మొహం ఇటు తిప్పాడు.

"మరి పిల్లలకు తెలుసా, వాళ్లు తక్కువున్నరని?"

తెలియదు. ఆ కాటా సంచిలో కూర్చుని ఆ బక్కపిల్ల కాళ్లాడిస్తూ నన్ను చూసి నవ్వేది, కొమ్మ ఊగితే ఇంకా నవ్వేది, దానికి అదే ఉయ్యాల. అవమానమంతా తల్లి మీద పడింది, తల్లే గుండ్లు ఏరుకుంది, తల్లే కుట్టింది, పిల్ల దాకా రానివ్వలేదు. మా ఇంట్లో తల్లీతండ్రీ నానమ్మా ఇంతమందిమి ఉండగా, ఏడేళ్లవాడు తలుపు దగ్గరేసుకుని, అట్ట మడిచి, టేపు చుట్టి, తన సిగ్గు తానే దాచుకున్నాడు.