బ్రేకు తొక్కితే వైపర్లు లేచే కారు

ఆ రోజుల్లో హైదరాబాద్ ఎటు చూసినా పెరుగుతుండేది, ఆ జోరు బీదరులో ఉన్న మాకూ అంటుకునేది. పొద్దున బస్సెక్కి వెళ్లినవాళ్లు సాయంత్రానికి ఏదో ఒక కొత్త ఆలోచనతో దిగేవాళ్లు. మా మేనమామ ఆలోచనతో ఆగకుండా ఏకంగా కారుతో దిగాడు. పదిహేనేళ్లు ఇతరుల కార్లు నడిపిన మనిషి, ఇక సొంత కారు కిరాయికి తిప్పుకుంటానని పని మానేసి, అక్కడి వానల్లో స్టీరింగు దాకా మునిగిన తెల్ల కారొకటి చవగ్గా కొనుక్కొచ్చాడు. (అమ్మినాయన "జర తడిసింది" అన్నాడట. తలుపు తీస్తే బురద కంపు గుప్పున కొట్టింది.) ఇంజను అక్కడే బాగు చేయించుకున్నాడు. మిగిలిందల్లా కరెంటు. అది నా నెత్తిన పడింది. ఎందుకంటే నేను అప్పుడే ఎలక్ట్రికల్ డిప్లొమా పాసయ్యాను, ఆ సంగతి తెలియని మనిషి మా గల్లీలో మిగలకుండా చూసుకున్నాను.

"నీకు కరెంటు తెల్సు గద అల్లుడా. కార్ల గూడ అదే కరెంటు" అన్నాడు మామ. నా మూడేళ్ల చదువులో ట్రాన్స్‌ఫార్మర్లూ పెద్ద పెద్ద మోటార్లూ తప్ప కారు బానెట్ తెరిచి చూసింది లేదు. ఆ ఒక్క ముక్క చెప్పి తప్పుకుంటే సరిపోయేది. చెప్పలేదు. చొక్కా విప్పి, పెద్ద పనిమంతుడిలా కారులోకి దూరాను.

ఆ కారుకు నామీద పగ ఉండేదని ఇప్పటికీ నా అనుమానం. బ్రేకు తొక్కితే వైపర్లు లేచేవి. ఎడమ ఇండికేటర్ వేస్తే లోపలి దీపం కన్ను కొట్టేది, పెట్రోలు ముల్లు దానికి తగ్గట్టు ఊగేది. హెడ్‌లైట్లు వేస్తే హారన్ సన్నగా మూలిగేది. వైపర్ మోటారు విప్పి ఆరబెట్టి బిగించానా, వైపర్లు ఒక పూట బుద్ధిగా ఉండి ఇండికేటర్ మొండికేసేది. దాన్ని బాగుచేసేసరికి వైపర్లు మళ్లీ మొదలు. ఫ్యూజులన్నీ మార్చాను. స్విచ్చులు విప్పి పెట్రోలుతో కడిగాను. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, టెస్ట్ ల్యాంపు పట్టుకుని తీగ తీగనా గుచ్చి చూశాను. అన్నింట్లోనూ కరెంటు వచ్చేది, అది పోయేదెటో మాత్రం అంతుబట్టేది కాదు. ఇలా మూడు వారాలు. మామ కోప్పడినా బాగుండేది. ఆయన పక్కనే స్టూలేసుకుని కూర్చుని, నాకు చాయ్ మీద చాయ్ తెప్పించి, దారిన పోయేవాళ్లందరికీ "మా అల్లుడు చూస్తుండు" అని గర్వంగా చెప్పేవాడు. ఆ మాట వినబడినప్పుడల్లా స్క్రూడ్రైవర్ విసిరికొట్టి పారిపోవాలనిపించేది.

ఒక ఎండపూట ఉన్నట్టుండి అన్నీ సరిగ్గా పనిచేశాయి. ఎందుకు పనిచేశాయో నాకు తెలియదు. అయినా "అయిపోయింది మామా" అనేశాను. ఆయన అదే సాయంత్రం మొదటి కిరాయి ఒప్పుకున్నాడు. మా చర్చికి వచ్చే వాళ్లమ్మాయి పెళ్లి, పెళ్లికూతుర్ని దగ్గరి ఊరైన చిట్గుప్పలోని చర్చికి చేర్చాలి. పెళ్లికి వచ్చేవాళ్లలో సగం మందికి హైదరాబాద్‌తో పనులున్నాయి, ఈ ఒక్కరోజు బాగా జరిగితే ఇక కిరాయిలకు కొదవుండదని మామ లెక్క. పెళ్లి రోజున ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని ఆయన, పక్కన నేను, వెనక పెళ్లికూతురూ వాళ్లమ్మా. దారిలో చిన్న జల్లు పడింది. నేను వైపర్ల వంకే చూస్తూ కూర్చున్నాను.

చర్చి ముందు మామ బ్రేకు తొక్కాడు. వైపర్లు ఒక్కసారిగా లేచి, అద్దం మీదికి వేలాడుతున్న బంతిపూల దండను తెంచి, ఎదురొచ్చిన పెద్దమనుషుల మీదికి విసిరాయి. వెంటనే హారన్ మొదలై ఆగనే లేదు. లోపల ప్రార్థన నడుస్తోంది. కళ్లు మూసుకున్నవాళ్లంతా కళ్లు తెరిచి బయటికొచ్చారు. నేను దూకి, బానెట్ ఎత్తి, హారన్ ఫ్యూజనుకుని ఒకటి పీకితే ఇంజను ఆగిపోయింది, హారన్ మాత్రం నిక్షేపంగా మోగుతోంది. చివరికి బ్యాటరీ తీగే ఊడబెరికాను. ఆ నిశ్శబ్దంలో పెళ్లికూతురు కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, నేనిగ దిగొచ్చునా" అని నెమ్మదిగా అడిగింది. (నవ్వాపుకోలేక ఆమె ముసుగు ఊగుతోంది.) మామ తెల్ల చొక్కాతోనే నలుగురితో కలిసి కారును పక్కకు తోశాడు.

ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. ఇంటి ముందు తాడు విప్పుతూ మామ ఒక్కటే అన్నాడు: "నీకు రాదని ముంగటనే చెప్తే నేనేమన్న అంటుంటినా, అల్లుడా." తిట్టుంటే మర్చిపోయేవాణ్ణి.

మర్నాడు ఆ కంపు ఇక భరించలేక మా అత్త కారులోని కార్పెట్లన్నీ ఉతకడానికి పీకి బయటేసింది. కాసేపటికి లోపల్నుంచి పిలిచింది. "అల్లుడా, ఈడ నల్లతీగలన్ని ఒక్క బోల్టుకు గట్టిండ్రు. అది మొత్తం పచ్చగ చిలుం పట్టింది. గిది గూడ తోమాల్నా?" వెళ్లి చూసి నీరుగారిపోయాను. దీపాలకూ మోటార్లకూ వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చి కారు బాడీలో కలిసే చోటు అది. ఆ దారి మూసుకుపోతే పాపం కరెంటు మాత్రం ఏం చేస్తుంది, దొరికిన ప్రతి తీగలోనూ దూరి దారి వెతుక్కుంటుంది. వెళ్లిన కరెంటు తిరిగి రావాలన్నది మా మొదటేడు మొదటి పాఠం. గరుకు కాగితంతో బోల్టు మెరిసేదాకా రుద్ది బిగించాను. బ్రేకు తొక్కితే బ్రేకు దీపమే వెలిగింది. మామ పరిగెత్తుకొస్తే, "ఎర్త్ పోయింది మామా, దొర్కవట్టిన" అన్నాను ఛాతీ విరుచుకుని. అత్త కార్పెట్ మీద సబ్బు రుద్దుతూ తలెత్తలేదు.

ఆ కారు మరో తొమ్మిదేళ్లు తిరిగింది. నేను ఆ బోల్టు పుణ్యాన కార్ల కరెంటు పనిలోనే స్థిరపడ్డాను. మొన్నామధ్య మామ దగ్గర కూర్చున్నప్పుడు, ఆ బోల్టును కనిపెట్టింది అత్తేనని ఎన్నాళ్లుగానో దాచిన నిజం కక్కేశాను. ఆయన చాయ్ ఊదుకుంటూ, "మీ అత్త ఆ దినమే చెప్పిందిరా" అన్నాడు. మరి నన్నెందుకు నిలదీయలేదంటే, "పెండ్లి కాడ నీ ఇజ్జతంత పాయె. గదొక్కటన్న నీకుండనీ అనుకున్నం ఇద్దరం" అన్నాడు.

గరుకు కాగితం పట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. కానీ వాడి వెనకాల ఇద్దరు మనుషులు నవ్వాపుకుంటూ నిలబడి ఉన్నారని తెలిశాక, చెయ్యి రావడం లేదు.