కాగితం కింద బోర్డు తాత సంతకం

బోర్డు తాత పోయారు. సోమవారం పొద్దున్న కలకత్తాలో ఆఫీసు బస్సులో రాడ్ పట్టుకుని వేలాడుతుండగా పాస్టరు గారి మెసేజ్ వచ్చింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారట. తరువాతి స్టాపులో దిగిపోయి, ఎటు వెళ్ళాలో తోచక కాసేపు అక్కడే నిలబడ్డాను. నా సొంత తాతలిద్దరూ నేను పుట్టకముందే పోయారు. నేను నోరారా తాతా అని పిలిచింది ఈయన్నొక్కరినే. ఆ పిలుపుకు ఇక పలికే మనిషి లేడని అక్కడే తెలిసొచ్చి, నడిరోడ్డు మీద ఏడ్చాను.

ఆయన డాక్‌లో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగిన సరుకు చూసి, సరిగ్గా ఉంటే సంతకం పెట్టి గోదాములోకి పంపడం పని. రిటైరయ్యాక వాట్‌గంజ్‌లో మా తెలుగు సంఘం ప్రార్థన హాల్లో ఉన్న నోటీసు బోర్డు ఆయన చేతికి వచ్చింది. గాజు తలుపు, చిన్న తాళం. ఆ తాళంచెవిని గొడుగు పిడికి కట్టుకుని తిరిగేవారు కాబట్టి మండుటెండల్లోనూ, మబ్బు లేని శీతాకాలంలోనూ గొడుగు ఆయన వెంట ఉండేది. అద్దెకు గది కావాలన్నా, పెళ్ళి కబురైనా, ఆసుపత్రిలో ఎవరికో రక్తం కావాలన్నా, కాగితం ముందు ఆయనకివ్వాలి. మొదటి నుంచి చివరి దాకా చదివి, కింద కుడి మూల తన పేరు రాసి సంతకం పెట్టి, అప్పుడు లోపల గుచ్చేవారు.

నాకు తెలుగు చదవడం వచ్చిందంటే ఆ బోర్డు చలవే. బడిలో బెంగాలీ, వీధిలో హిందీ, ఇంట్లో నోటిమాటగా తెలుగు. అక్షరాలు మాత్రం తాత దగ్గర, గుచ్చబోయే కాగితాలు పైకి చదువుతూ నేర్చుకున్నాను. ఒకసారి అడిగాను.

“ఇంకోల కాయితం మీద నీ సంతకమేటి తాతా?”

“దింపినోడు ఎవుడైనా గానీ, లోనికి పుచ్చుకున్నోడు సంతకం ఎట్టాల. రేపు తేడా వొస్తే ఎవుల్ని అడుగుతారు? నన్నే గదా!”

చదవడమంటే ఆయనకు అంత ఇష్టం. మరమరాల పొట్లం తిని పారేసేముందు ఆ కాగితాన్ని విప్పి, సాపు చేసి, ఎవరో పిల్లాడి భూగోళం పరీక్ష జవాబులన్నీ చదివేవారు. “ఈ గుంటడికి నదులు రావు” అని బెంగపడేవారు కూడా.

నేను పెద్దవాణ్ణయి సాల్ట్‌లేక్ వైపు కంప్యూటర్ ఉద్యోగంలో చేరాక నాకూ ఒక బోర్డు పెట్టాలనిపించింది. కలకత్తాలో ఉన్న మనవాళ్ళందరూ రాసుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక తయారుచేసి, తీరిగ్గా కూర్చుని కబుర్లాడుకునే చోటికి బెంగాలీలు అనే మాటే వాడి అడ్డా అని పేరు పెట్టాను. ఎవరైనా ఏ పేరుతోనైనా రాయవచ్చు. తాళం లేదు, తాళంచెవి లేదు. తాతకు గర్వంగా చూపిస్తే కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, “బావుంది. సంతకం ఏ మూలన?” అన్నారు. నవ్వేశాను. మొదటి ఆరు నెలలు అక్కడ ఈగలు తోలుకున్నాను. రాసేవాళ్ళు ముగ్గురు, అందులో ఒకణ్ణి నేనే.

అప్పుడు ఎవరో ముసుగు పేరుతో ఒక ముక్క రాశారు. ఏక్‌బాల్‌పూర్‌లో మనవాళ్ళ నర్సమ్మ ఒకావిడ ఉంది, మంచం పట్టిన ముసలివాళ్ళను ఇళ్ళకు వెళ్ళి చూసుకుంటుంది. ఆమె వాళ్ళకు నిద్రమందు పోసి పడుకోబెట్టేసి తానూ కునుకు తీస్తుందని, ఒక పెద్దాయన అలాగే పోయాడని ఆ రాత. పేరు రాయలేదు గానీ ఏ సందులో ఉంటుందో రాశారు. సాయంత్రానికి నలభైకి పైగా జవాబులు. అయ్యో అన్నవాళ్ళు, నాకు ముందే తెలుసన్నవాళ్ళు. ఎవరికీ ఏమీ తెలియదు. నాకు మాత్రం పండగలా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. అడ్డా మొదటిసారి అడ్డాలా ఉందని మురిసిపోయాను.

ఆ ఆదివారం ప్రార్థన అవగానే తాత గొడుగుతో నా భుజం తట్టారు. కబురు ఆయన చెవిన పడింది.

“అది తీసీ.”

“నాను రాయలేదు తాతా!”

“ఎవులు రాసినారని నాను అడగలేదు. బోర్డు ఎవులిది?”

“తీసీస్తే నిజం దాస్తన్నానంటారు. ఎవుల అభిప్రాయం ఆలది.”

“ఆ అమ్మి సేతి మందు ఇంక ఎవులైనా తాగుతారేటి?” అన్నారు. నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచాను.

ఆ తరువాత పందొమ్మిది రోజులు ఆ రాతను అలాగే ఉంచాను. ఇరవయ్యో రోజున నర్సమ్మ తరఫున లాయరు నోటీసు ఆఫీసు అడ్రసుకు వచ్చింది. కేసు వేస్తామని అందులో ఉంది. వెంటనే ఆ రాత తీసేసి, ఎవరు రాశారా అని వెతికితే ఏదో సైబర్ కేఫ్ దాకా వెళ్ళి దారి ఆగిపోయింది. ఎవరో ఈనాటికీ తెలియదు.

నేను వెతుక్కున్న బెంగాలీ లాయరు నోటీసు చదివి, కళ్ళజోడు మీదుగా చూసి ఒకే ప్రశ్న వేశాడు. “తుమి జాన్తే?” నీకు ముందే తెలుసా, అని. నెమ్మదిగా వివరించాడు. ఎవరో రాసినదానికి వేదిక నడిపేవాడు ప్రతిసారీ దోషి కాడు. తనకు తెలియకుండా జరిగిందని, తన జాగ్రత్తలో తానున్నానని చూపించుకోగలిగితే చట్టం కొంత కాపు కాస్తుంది. తెలిసీ ఉంచితే మాత్రం ఆ కాపు ఉండదు. “నోటీసుకు ముందు ఎవరైనా చెప్పారా?” అన్నాడు. ఒక ముసలాయన చెప్పాడన్నాను. కాగితం మీదా, నోటితోనా అన్నాడు. నోటితోనే అన్నాను. లాయరు కుర్చీలో వెనక్కి వాలి, ఆయన చెప్పలేదంటే నీకు తెలియనట్టే కదా అన్నాడు.

నేరుగా తాత ఇంటికి వెళ్ళాను. మరమరాలు తింటున్నారు. జరిగింది చెప్పి, ఎవరైనా అడిగితే నాకేమీ చెప్పలేదని అనమని బతిమాలాను. కేసు పడితే నా ఉద్యోగం పోతుందన్నాను. ఆయన పొట్లం కాగితాన్ని మడత మీద మడత పెట్టారు. ఆ రోజు దాన్ని చదవలేదు.

“నీ ఉజ్జోగం పోతాదని నాకూ బయమేరా. కానీ నాను సెప్పినాను, నువ్వు ఇన్నావు. అడిగితే ఉన్నదే సెప్తాను. అడక్కుండా ఎల్లి సెప్పను.”

నాకు ఒళ్ళు మండింది. అక్షరాలు నేర్పిన చేత్తోనే తోసేస్తున్నావన్నాను. ఆయన కోపగించుకోలేదు. “రేపు బంద్. ఇద్దరికీ పని లేదు. నడిసి ఆ అమ్మి ఇంటికి ఎల్దాం” అన్నారు.

బస్సుల్లేవు, ట్రాముల్లేవు. డాక్ రోడ్డు పొడుగునా పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. గొడుగు నీడలో పక్కపక్కన నడుస్తూ తాత నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. బోర్డు చేతికొచ్చిన కొత్తలో ఎవరో ఇచ్చిన కాగితాన్ని తొందరలో చదవకుండా గుచ్చేశారట. అందులో షాలిమార్ యార్డులో పనిచేసే ఒకాయన మీద లేనిపోని నింద ఉంది. తాత చూసి తీసేసరికి అందరూ చదివేశారు. ఆ మనిషి మళ్ళీ ప్రార్థనకు రాలేదు. “ఎతుక్కుని ఎల్లినాను. ఇల్లు కాళీ సేసి ఎలిపోయినారు. అప్పట్నుంచే ఈ సంతకం” అన్నారు. నా కోపం కొంచెం దిగింది.

నర్సమ్మ తాతకు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. నన్ను కూర్చోమనలేదు. నేను దారి పొడవునా, రాసింది నేను కాదు అన్న ముక్కను రకరకాలుగా తయారుచేసుకున్నాను. ఆమె నా వంక చూడకుండా తాతతోనే మాట్లాడింది.

“మూడిళ్ళు సూసుకునేదాన్ని బావూ. ఇప్పుడు ఒక్కిల్లే. ఆ ఇంటాయన కూడా, నాను మందు పోస్తంటే ఎనకాలొచ్చి నిలబడతాడు. ఇరవై ఏళ్ళ నుంచి పోస్తన్నాను. ఇప్పుడు సెయ్యి వొణుకుతాది.”

నేను తయారుచేసుకున్న ముక్కలన్నీ పక్కన పెట్టేశాను. “తాత ఆదివారమే సెప్పినాడప్పా. నాకు తెలుసు. తెలిసే ఉంచినాను” అనేశాను.

అప్పుడు నా వైపు తిరిగింది. “అది రాసిస్తావేటి?”

ఆ కాగితం ఆమె చేతికిస్తే కోర్టులో నా పని అయిపోయినట్టే. తాత వైపు చూశాను. ఆయన చూపు కలపలేదు, కిటికీలోంచి వీధిలో క్రికెట్ చూస్తున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. అడిగి పెన్ను తీసుకుని, వంకర తెలుగులో రాశాను: రాసిన మాట అబద్ధం, తెలిసీ పందొమ్మిది రోజులు ఉంచింది నేను, నన్ను క్షమించండి. తాత అప్పుడు తిరిగి, కాగితం అందుకుని, మొత్తం చదివి, నా సంతకం పక్కన కుడి మూల తన సంతకం కూడా పెట్టారు.

ఆమె కేసు వేయలేదు. ఆ కాగితం పట్టుకుని మానేయమన్న రెండిళ్ళకూ వెళ్ళింది. ఒక ఇల్లు తిరిగి పిలిచింది, ఒకటి పిలవలేదు. నా క్షమాపణను అడ్డాలో అన్నిటికంటే పైన, తాత బోర్డులో మధ్యన పెట్టాం. “తెలిసినాక తప్పు మాట ఎన్నాళ్ళున్నాదో ఒప్పు మాటా అన్నాళ్ళుండాల” అని తాత లెక్కపెట్టి పందొమ్మిది రోజులూ ఉంచారు. ప్రతి ఆదివారం దాని ముందు నుంచే నడిచి వెళ్ళాను. ఆ తరువాత అడ్డాలో ఎవరేది రాసినా నేను చదివి, కింద నా పేరు పెట్టాకే ఎక్కించేవాణ్ణి. జనం పలచబడ్డారు. తాతకు మాత్రం ఇప్పుడది బోర్డులా కనబడిందట.

నర్సమ్మ నాతో మాట్లాడటం మానేసింది. హాల్లో ఎదురుపడితే తల పంకించి వెళ్ళిపోయేది. కిందటేడు తాత కొన్నాళ్ళు మంచాన పడ్డప్పుడు ఆయన ఆమెనే పిలిపించుకున్నారు. మొదటి రోజు ఆమె మందు పోస్తుంటే తాత కొడుకు గుమ్మంలో నిలబడ్డాడట. “నువ్వెల్లి నీ పని సూసుకో. ఈ అమ్మి ఎనక ఎవులూ నిలబడొద్దు” అన్నారట. ఆ మాట కొడుకే నాకు చెప్పాడు.

సోమవారం నేను హాలుకు వెళ్ళేసరికి నర్సమ్మ ఒక్కతే ఉంది. చేతిలో తాత గొడుగు, ఒక కాగితం. మంగళవారం సమాధి ప్రార్థన అని తెలియజేసే కాగితం. ఆమే రాసింది. కుడి మూల ఖాళీగా ఉంది. గొడుగును తాళంచెవి కట్టిన పిడి వైపు నుంచి నాకందించింది.

“పూర్తిగా సదువు. సదివి ఎట్టు.”

ఇన్నేళ్ళకు నాతో అన్న మొదటి మాట అది. నేను కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, తాత నేర్పినట్టే ఒక్కొక్క అక్షరం పైకి చదవసాగాను. చదువుతున్నంతసేపూ, సంతకం పెట్టి గాజు తలుపు వేస్తున్నంతసేపూ ఆమె నా వెనక నిలబడలేదు. హాలు ఆ చివరనున్న కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధి వైపు తిరిగి నిలబడింది.