యాడి తీసేసిన నాలుగు వాక్యాలు

మొన్న జనగామ బస్టాండులో ఉన్నట్టుండి రాగం తీసిన ఏడుపు వినబడింది. ఇద్దరు లంబాడీ ఆడవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని పాటగా ఏడుస్తున్నారు. జనం గుమిగూడారు. ఎవరో నీళ్ళ సీసా కూడా పట్టుకొచ్చారు. నాకు మాత్రం నవ్వు, దుఃఖం కలిసి వచ్చాయి. అక్కడ చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. చాలా రోజులకు కలిసిన అక్కాచెల్లెళ్ళు వాళ్ళు. విడిగా బతికినన్నాళ్ళ కష్టసుఖాలను మా ఆడవాళ్ళు అలా ఏడుస్తూనే చెప్పుకుంటారు. దాన్ని ఢావ్లో అంటాం. మా యాడి, అంటే మా అమ్మ ద్వాళి, రచయిత్రి అయింది ఆ ఏడుపులోంచే.

మాది గూడూరు దగ్గరి తండా. బాపుకు బొగ్గుబావిలో పని దొరికితే భూపాలపల్లికి వలస వచ్చాం. అప్పటికి యాడికి తండా, అడవి అంచున చేలు తప్ప వేరే లోకం తెలియదు. ఒక మధ్యాహ్నం మా మేనత్త వచ్చింది. యాడి, ఆమె గడపలోనే ఢావ్లో మొదలుపెట్టారు. పక్కింటి కిరాణా దుకాణం లక్ష్మమ్మ చాయ్ గిన్నె పట్టుకుని ఉరికొచ్చింది.

"ఎవలు పోయిన్రమ్మా?"

"ఎవలు పోలేదక్కా. మా ఆడిబిడ్డ వచ్చింది," అంది యాడి.

"మరి గింత ఏడుపెందుకు?"

"రెండేండ్ల సంగతులు. నవ్వుకుంట చెప్తే ఒడుస్తయా?"

లక్ష్మమ్మ ఆ చాయ్ మాకే పోసి, కూర్చుని చివరిదాకా విన్నది. నేను సిగ్గుతో చచ్చి బడిసంచిలో తల దూర్చుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి తండా నుంచి ఎవరూ రాలేదు. నా పక్కన కూర్చుని నాతోపాటే అక్షరాలు దిద్దుకున్న యాడి, నేను వాడి వదిలేసిన నోటుపుస్తకాల్లో రాయడం మొదలుపెట్టింది. ఎవరికి రాస్తున్నావంటే "రానోళ్ళకు" అనేది. తండాలో వదిలి వచ్చిన మేకల గురించి, బాపు బావిలోంచి పైకి వచ్చేదాకా తనకు ముద్ద దిగకపోవడం గురించి, కూలికి పోయి వచ్చి ఆ ఒళ్ళునొప్పులతోనే రాసేది. ఆ మొండితనంలో పావు వంతు వచ్చినా నేను బాగుపడేదాన్ని.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో రోడ్డు మీద వంటావార్పు అంటే చాలు, కాలనీ ఆడవాళ్ళను కూడగట్టుకుని బయలుదేరేది. అప్పుడే మా తండాలో మంగ్లి అనే ఆమె కొడుకు రాష్ట్రం కోసమని ప్రాణం తీసుకున్నాడు. వాడికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. పదిరోజులైనా మంగ్లి కంట చుక్క లేదు, నోట మాట లేదు. యాడి పోయి ఆమె మెడ మీద చేతులేసి రాగం ఎత్తుకుంది. చాలాసేపటికి మంగ్లి గొంతు కలిసింది. కొడుకు పుట్టిన నాటి నుంచి కడసారి ఇల్లు దాటిన పొద్దుటిదాకా అంతా చెప్పుకుంది. యాడి ఇంటికొచ్చి దాన్ని రాసి పెట్టింది.

నేను అప్పుడు జనగామలో టీచర్ ట్రైనింగు చదువుతున్నాను. సెలవులకు వచ్చి అది చదివి, ఎత్తి రాసుకుని, అక్కడి ఒక చిన్న పత్రిక సంపాదకునికి ఇచ్చాను. యాడిని అడగాలని కూడా తోచలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, ఉద్యమ సంచికలో ముందు పేజీల్లో వేస్తానన్నాడు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫోన్ చేసి చెబితే యాడి ఒక్కటే అడిగింది: "మంగ్లిని అడిగినవా?"

మర్నాడే బస్సులు మారి జనగామలో దిగింది. సంపాదకుడు కుర్చీ వేసి, "గిది ఉద్యమానికి పనికొస్తదమ్మా. మీ పేరు నలుగురికి తెలుస్తది," అన్నాడు.

"రాసింది నేనే సారు. ఏడుపు ఆమెది. నా మెడ మీద చేతులేసి చెప్పింది గానీ మైకుల చెప్పలే," అని కాగితాలు తీసుకుంది.

అటునుంచి అటే నన్ను తండాకు లాక్కుపోయింది. నాతోనే మంగ్లికి చదివించింది. మంగ్లి కదలకుండా విని, "అంతా ఉండనియ్యి బాయీ. గా పొద్దుగాల సంగతి తీసెయ్యి. గది నాకూ నా కొడుక్కే ఉండనీ," అంది. కొడుకు ఇల్లు దాటేముందు ఆ తల్లి చేసిన ఒక పని అది. నాలుగే నాలుగు వాక్యాలు. రచన ప్రాణమంతా వాటిలోనే ఉంది. తిరుగు బస్సులో నేను బతిమాలాను, అలిగాను. "గవి తీస్తే సారు ఏసుకోడు యాడీ."

"ఏసుకోకుంటే మానె," అని వాటిని కొట్టేసింది.

సారు నిజంగానే వేసుకోలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని యాడి మీద వారం రోజులు మండిపడ్డాను. తొలిసారి అచ్చులో తన పేరు చూసుకునే అవకాశాన్ని ఆమె ఎంత ఆశపడీ వదులుకుందో నాకప్పుడు తెలియదు. ఆ సంచిక వచ్చిన రోజు దాన్ని కొని తెప్పించుకుని, ఒక్కో పేజీ నిమురుతూ కూర్చుందని బాపు తర్వాతెప్పుడో చెప్పాడు. రాష్ట్రం వచ్చాక ఆమె రాతలన్నీ పుస్తకమయ్యాయి. మహబూబాబాద్‌లో సభ చేస్తే మంగ్లి ముందు వరుసలో కూర్చుంది. ఆ నాలుగు వాక్యాలు పుస్తకంలోనూ లేవు.

నేనూ ఇప్పుడు రాస్తున్నాను. ఎవరి మాటైనా కాగితం మీద పెట్టే ముందు వాళ్ళ గడప దాకా పోయి అడిగి వస్తాను. మంగ్లి పోయింది, తర్వాత యాడీ పోయింది. ఆ పొద్దుటి సంగతి తెలిసిన మా ముగ్గురిలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. ఇది రాస్తుంటే కలం రెండుసార్లు అటువైపు పోయింది. రెండుసార్లూ ఆపాను.