నలభై ఒకటో తపాలు

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా హెడ్ గుమస్తా ఒక మాట చెప్పాడు. "బల్ల మీదికి వచ్చిన కాగితానికి జవాబు రాయకుండా ఇంటికి పోకు." ముప్పై నాలుగేళ్లు ఆ మాట జవదాటలేదు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తపాలు రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. వరుస నంబరు, వచ్చిన రోజు, విషయం ఒక ముక్కలో, చివరి గడిలో జవాబు. రిటైరయ్యాక నాకు తపాలు రావడం ఆగిపోయింది. మళ్లీ మొదలైంది కంప్యూటరు కొన్నాకే.

అప్పట్లో సికింద్రాబాదులో ఏ సందులో చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులే. బోయిగూడలో మా మెట్ల కింద కూడా ఒకటి వేలాడేది. ఇంట్లో కంప్యూటరు లేకపోవడం ఇంట్లో గడియారం లేకపోవడంలాంటిదని అందరూ అంటుంటే నేనూ కొన్నాను. టెలిఫోను తీగ దానికి తగిలిస్తే ఇంటర్నెట్ వచ్చేది. ఇంటర్నెట్‌తోపాటు తెర మీద చిన్న చిన్న పెట్టెలు వచ్చేవి. మీ గడియారం సరిచేయమంటారా? మీ యంత్రంలో దోషాలున్నాయి, శుభ్రం చేయమంటారా? యెస్, నో అని రెండు మీటలు. ఎవరో పనిగట్టుకుని మర్యాదగా అడుగుతున్నారు, జవాబివ్వకుండా ఎలా ఊరుకుంటాం? ప్రతిదానికీ యెస్ అని నొక్కాను. నొక్కి, రోజూ రాసే నా డైరీ వెనక పేజీల్లో గీతలు గీసి, తపాలు రిజిస్టరులాగే ఎక్కించాను. ఆ వర్షాకాలానికి నలభై దాటాయి.

అదే వర్షాకాలంలో మా ఆవిడ గొంతులో గడ్డ ఉందన్నారు. స్వరపేటిక తీసెయ్యాలి, ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు అని డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకు పన్నెండు రోజులు గడువిచ్చాడు.

మా ఆవిడది విజయనగరం వైపు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు చాలా ఉన్నాయి. దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, పెళ్లి భోజనాల్లో పాడే బువ్వం బంతి పాటలు. ఎవరూ రాసిపెట్టలేదు. ఒక మైకు కొని తెచ్చి, రోజుకొకటి చొప్పున పొద్దున్న పాలు కాచాక రికార్డు చెయ్యాలని పట్టిక వేశాను. ఆమె నవ్వింది.

"నా గొంతుకీ టైంటేబులేటండీ?"

"పన్నెండు రోజులే ఉన్నాయి."

"అందుకే చెప్తన్నాను. పాట పాటలాగ పాడనియ్యండి, ఆఫీసు పనిలాగ కాదు."

అయినా పాడింది. పదకొండు పాటలయ్యాయి. పన్నెండో రోజు ఆస్పత్రిలో చేరాం. అప్పటిదాకా ఒక్క పాటా తిరిగి వినలేదు. "ఇప్పుడొద్దు, వచ్చాక ఇద్దరం కూచుని విందాం" అంది. అది ఆమె గొంతుతో నాతో అన్న చివరి పెద్ద మాటల్లో ఒకటి. డైరీలో ఉంది.

ఇంటికి వచ్చాక మెడ మీద కట్టు, చేతిలో పలక. బడిపిల్లలు రాసే రాతిపలకే. ఆమె అడిగితే నేనే మోండా మార్కెట్ నుంచి తెచ్చాను. నాలుగు వరుసలు రాస్తే నిండిపోయేది. తుడిచి మళ్లీ రాసేది.

మూడు వారాలు గడిచాక ఒక ఉదయం పలక మీద "పాటలు పెట్టండి" అని రాసింది. కుర్చీ జరిపి పక్కన కూర్చుంది.

మీట నొక్కాను. యంత్రం లేవడానికే పది నిమిషాలు పట్టింది. లేచాక, నేను పెట్టుకున్న పేజీ బదులు ఎవరిదో జూదం పేజీ వచ్చింది. పైన నేనెరగని మీటల వరుస. పెట్టె మీద పెట్టె, ఒకటి మూస్తే మూడు. పాటలున్న చోటికి వెళ్లేలోగా తెర నల్లబడి యంత్రం మళ్లీ మొదటికి వచ్చింది. ఇలా నాలుగుసార్లు. ఆమె నా మొహం కేసి చూసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

టెలిఫోను తీగ పీకేశాను. అయినా పెట్టెలు వస్తూనే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. తీగ లేకుండా ఉత్తరం వస్తోందంటే పోస్టుమాన్ ఇంట్లోనే మకాం పెట్టాడన్నమాట.

కంప్యూటరు అమ్మిన షాపు మెకానిక్‌కి ఫోను చేశాను. లక్షణాలన్నీ రాసుకుని ఒకటొకటిగా చదివి వినిపించాను. అతను సగంలోనే ఆపాడు.

"స్పైవేర్ పడ్డది సార్, దొంగ ప్రోగ్రాములు. ఫార్మాట్ కొట్టుడే. ఒక్క గంటల అంతా సాఫ్."

"లోపల పాటలున్నాయి."

"పాటలేం సార్, సీడీలు మస్తు దొరుకుతయి బయట."

ఫోను పెట్టేశాను. ఆ పాటలు ఏ బజారులోనూ దొరకవు.

మర్నాడు నేనే దిగాను. యంత్రంలో ఏయే ప్రోగ్రాములున్నాయో చూపించే జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచి, యంత్రం ఆగిపోయేలోపు కాస్త కాస్త చొప్పున కాగితం మీదికి ఎక్కించుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. తరవాత నా తపాలు రిజిస్టరు పక్కన పెట్టుకుని సరిచూశాను. రిజిస్టరులో ఉన్నవన్నీ నేను చూసి, ఒప్పుకుని రానిచ్చినవి. లేనివి నాకు తెలియకుండా దూరినవి. లేనివే దొంగలు. ఇంత తేలిక లెక్క ఆ మెకానిక్‌కి ఎందుకు తట్టలేదా అని కాస్త గర్వం కూడా కలిగింది. నాలుగు తేలాయి. నాలుగూ తీసేశాను.

ఆ రోజు యంత్రం ఆరేడు నిమిషాలు ఆగకుండా నడిచింది. మొదటి పాట పెట్టాను. గీత కదులుతోంది. క్షణాలు లెక్కపెడుతోంది. శబ్దం లేదు. స్పీకరు మీట పూర్తిగా తిప్పాను. రెండో పాట. ఐదో పాట. గీత కదులుతోంది, శబ్దం లేదు.

పదకొండు పాటలూ నా చేత్తో నేనే చెరిపేశాననుకున్నాను. ఎంతసేపు అలా కూర్చున్నానో డైరీలో లేదు. ఆ రోజు పేజీలో "శబ్దం లేదు" అన్న ముక్క తప్ప మరేమీ లేదు. యాభై ఏళ్ల డైరీల్లో అంత ఖాళీ పేజీ ఇంకోటి లేదు.

వెనక నుంచి పలక నా భుజానికి తగిలింది. "ఏటయింది?"

"ఏమీ లేదు. చిన్న రిపేరు."

ఆమె పలక తుడవకుండా అలాగే పట్టుకుని నిలబడింది. మరో జవాబు కోసం చూసింది. నేనివ్వలేదు.

రాంగోపాల్‌పేట్‌లో ఒకావిడ ఇంటర్నెట్ సెంటరు నడిపేది. నలభై అయిదేళ్లుంటాయి. అంతకుముందు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నా పెన్షను అర్జీలన్నీ ఆవిడే కొట్టిపెట్టింది. మెషిన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, వాటిని విప్పడం, బిగించడం తనే నేర్చుకుంది. వానలో డైరీని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని నడుచుకుంటూ వెళ్లాను. చెప్పిందంతా విని, "పదండి సార్, చూస్త" అని గొడుగు తీసింది.

యంత్రం ముందు కూర్చుని, ముందు నా రిజిస్టరు చదివింది. చదువుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందీ సార్ ఇది! గిన్నిసార్లు యెస్ కొట్టిండ్రా? ఒక్కటి సుత నో లేదు!"

"అడిగినప్పుడు జవాబు చెప్పాలి కదమ్మా."

"అరె, వాకిట్ల నిలబడి దొంగోడు లోపలికి రానా అంటే రా బాబూ అని కుర్చీ సుత వేసిండ్రు."

"నేను దొంగలనే తీశానమ్మా. రిజిస్టరులో లేనివన్నీ..."

"గదే తక్లీఫ్. ఉన్నయే దొంగలు సార్. మీరు దస్కతు పెట్టి పిలిస్తేనే వచ్చినయి. లేనియి కంప్యూటర్‌తోటి పుట్టినయి. మీరు తీసిన నాలుగింట్ల ఒకటి స్పీకర్ల ఆవాజ్‌ది." మా ఆవిడ అక్కడే నిలబడి ఉన్న సంగతి మరిచిపోయి, నా వైపు తిరిగి నవ్వుతూ అంది. "పరేషాన్ కాకుండ్రి. గొంతు పోయింది గంతే, పాటలు యాడికి పోలే."

అనేసి నాలుక కరుచుకుంది. మా ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అని లేవబోయాను. నవ్వుతోంది. శబ్దం లేకుండా, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, పలక మీద రాసి ఆవిడకి చూపించింది. "నాకూ అదే జరిగింది."

"మాఫ్ చెయ్యమ్మా" అని ఆవిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

తరవాత ఆ సెంటరావిడా నేనూ పని మొదలుపెట్టాం. యంత్రం లేచేటప్పుడే ఒక మీట పదే పదే నొక్కి, అత్యవసరమైనవి తప్ప మరేవీ నడవని స్థితిలోకి తెచ్చింది. సేఫ్ మోడ్ అంటారట. అందులో యంత్రం ఆగిపోలేదు. "గిప్పుడు మీ రిజిస్టర్ చదవండి సార్, తారీఖులతోటి" అంది. నేను ఒక్కో తపాలు వచ్చిన రోజు చదవడం, ఆ రోజు యంత్రంలోకి వచ్చిన ఫైళ్లను ఆవిడ వెతకడం. దొరికినవాటిలో రెండు ఒకదానికొకటి కాపలా. ఒకదాన్ని తీస్తే రెండోది దాన్ని మళ్లీ పుట్టిస్తుంది. అందుకే రెండింటినీ ఒకేసారి తీసింది. ఇంకోటి నేను ఏయే పేజీలు చూశానో, ఏమేం టైపు చేశానో రోజువారీగా రాసి ఎవరికో పంపుతోంది. నా మీద నాకంటే శ్రద్ధగా మరొకడు డైరీ రాస్తున్నాడు.

"అన్నింటికంటె పెద్దది ఇది" అని ఆవిడ చివరగా ఒకటి చూపించింది. మీ యంత్రంలో దోషాలున్నాయి, శుభ్రం చేయమంటారా అని అడిగినది. "సఫాయి చేస్త అని చెప్పి వచ్చిందే ఇంట్ల గలీజంతా చేసింది. దీని వెన్క వచ్చిన దొంగలకు గిదే తలుపు తీసింది. నంబరెంత సార్?"

"నలభై ఒకటి."

అది కూడా పోయింది. యంత్రంతో వచ్చిన సీడీ ఏదని అడిగింది. పేరు రాసిన కవరులో బీరువాలో ఉంది. దాంతో శబ్దం తిరిగి వచ్చింది. రెండుసార్లు ఆపి, మళ్లీ వేసి, తెర మీద ఒక్క పెట్టె కూడా రావడం లేదని చూసుకున్నాకే ఆవిడ నా వైపు కుర్చీ తిప్పింది. "పెట్టుండ్రి సార్."

మొదటి పాట పెట్టాను. ముందు గిన్నె చప్పుడు. తరవాత మా ఆవిడ గొంతు. "ఇది తిరుగుతోందేటి? ఎర్రదీపం వెలిగిందా లేదా చెప్పండి మరి." తరవాత పాట. మా ఆవిడ కళ్లు మూసుకుంది. చెయ్యి మెడ కట్టు మీద పెట్టుకుంది. ఇంటర్నెట్ సెంటరావిడ చప్పుడు చెయ్యకుండా చెప్పులు వేసుకుని, రేపు వచ్చి సీడీల్లోకి ఎక్కిస్తానని సైగ చేసి వెళ్లిపోయింది.

వరుసగా పది విన్నాం. పదకొండోది తెరుచుకుంది. గీత కదల్లేదు. అందులో ఏమీ లేదు.

పాట మొదలుకాకముందే ఫైలుకు పేరు పెట్టి దాచుకోవడం నా పద్ధతి. పేరు ఉంది. పాట లేదు. మళ్లీ తెరిచాను. మళ్లీ ఖాళీ. రిజిస్టరు తీశాను. నలభై ఒకటో తపాలు వచ్చిన రోజు, ఆస్పత్రికి వెళ్లే ముందురోజు. సమయం కూడా రాశాను, పాలు కాచిన తరవాత. విషయం: దోషాలు శుభ్రం చేయుట. జవాబు: యెస్. ఆ కింద నా చేతి రాతే, "యంత్రం ఆగి తిరిగి లేచినది."

ఆమె పాడుతుండగా పెట్టె వచ్చింది. దానికి జవాబిచ్చాను. యంత్రం తిరిగి లేచాక పేరు కనిపిస్తే పాటా ఉందనుకున్నాను. ఆమె పాట విన్నది నేనేనా? నేను జవాబు రాసుకుంటున్నాను. ఇంకెప్పుడూ రాని గొంతు ఎదురుగా పాడుతుంటే ఎవడో ముక్కూమొహం తెలియనివాడు పంపిన కాగితానికి మర్యాద చేశాను.

దాచాలనిపించింది. పది పాటలే పాడావని చెప్పవచ్చు. యాభై ఏళ్ల డైరీలో అబద్ధం రాయలేదు, ఆమెకు చెప్పడం ఎలా? రిజిస్టరు ఆమె ముందు తెరిచి ఆ వరుస మీద వేలు పెట్టాను. ఆమె చదివింది. చాలాసేపు చదివింది.

పలక తీసుకుని రాసింది. "తెల్సు. ఆవేళే సూసేను. మీరటు తిరిగేరు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు? మళ్లీ పాడించేవాణ్ణి కదా!"

తుడిచింది. "నొప్పిగా ఉండింది. రెండోసారి రాదనుకున్నాను."

డైరీ మూసి చేతిలోకి తీసుకున్నాను. బయట స్టేషను వైపు నుంచి ఏదో బండి కూత వినిపించి ఆగిపోయింది.

ఆమె పలకను కొంగుతో శుభ్రంగా తుడిచి, నా చేతిలోంచి డైరీ తీసుకుని కొత్త పేజీ తెరిచి, కలం నా చేతిలో పెట్టింది. పలక మీద రాయడం మొదలుపెట్టింది. అప్పగింతల పాట, పదకొండోది. నాలుగు వరుసలకు పలక నిండింది. నేను ఎక్కించుకున్నాను. తుడిచింది, మళ్లీ నాలుగు. ఎక్కడ సాగదీయాలో అక్కడ అక్షరం కింద గీత పొడుగ్గా లాగింది. ఎక్కడ ఆగాలో అక్కడ బలపంతో పలక చెక్క మీద రెండుసార్లు కొట్టింది.

మాటలన్నీ వచ్చాయి, పద్దెనిమిది వరుసలు. బలపం దెబ్బలకు డైరీలో ఏ గుర్తు పెట్టాలో నాకు తెలియలేదు. చుక్కలు పెట్టాను. ఆమె చూసి, తల అడ్డంగా ఊపి, ఆ చోట మళ్లీ కొట్టింది. ఈసారి కలం పక్కన పెట్టి విన్నాను.